ఒక్క దీర్ఘం తక్కువ

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేక, మబ్బుల్ని కాసేపు తూర్పుకు, కాసేపు పడమటికి జరుపుతూ ఉంది. నాలుగు చినుకులు రాల్చింది. వెంటనే ఎండ కాసింది. మళ్లీ మబ్బు. నేను నా వడ్రంగి కొట్టం ముందు ఆరబెట్టిన చెక్క పలకల్ని రెండుసార్లు లోపలికి మోశాను, రెండుసార్లు బయటికి మోశాను. మూడోసారి మోయబోతుండగా మా మేనకోడలు వచ్చింది.

మా అక్క కూతురు. పందొమ్మిదేళ్లు. నేల మీద కాళ్లు ఆనించి నడవడం ఆమెకు చేతకాదు. అందుకని ఊళ్లో అందరూ తూనీగ అంటారు. పట్నంలో కట్టుడు పళ్లు తయారుచేసే చోట పని నేర్చుకుంటోంది. పొద్దున ఏడింటి బస్సుకు వెళ్తుంది, సాయంత్రం ఆరున్నర బస్సుకు తిరిగొస్తుంది. ఆ రోజు ఏడింటి బస్సు వెళ్లిపోయిన చప్పుడు నేను విన్నాను. ఆమె మాత్రం నా ముందు నిలబడి ఉంది. చేతిలో ఒక కాగితం, దాని నాలుగు మూలలా ఎండిన జిగురు.

"చదువు మామయ్యా."

పలక దించి చదివాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి సాయంత్రం ఆరున్నర బస్సు రద్దు. ఈ ఊరి సభ తెలిపిన అభిప్రాయం మేరకు ఈ నిర్ణయం తీసుకోవడమైనది. కింద ముద్ర.

"బస్సు స్తంభానికి అంటించింది పీక్కొచ్చావా?"

"మరి? అందరూ చదివి బాధపడాలా?"

నేను మళ్లీ చదివాను. ఒకసారి చదివితే నాకు ఏదీ ఎక్కదు.

"మనమే వద్దన్నామట. నేనన్నానా? నువ్వన్నావా?"

"నేనేమీ అనను."

"అదే కదా నీతో వచ్చిన చిక్కు."

కొట్టంలో మూలనున్న పీట మీంచి రేడియో తాత మెడ సాచాడు. ఆయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ రేడియో లేదు కాబట్టి రేడియో పని కూడా తనే చేస్తాడు. పొద్దున్నే వచ్చి నా కొట్టంలో కూర్చుని చీకటి పడేదాకా మోగుతూనే ఉంటాడు. నోట్లో ఒక్క పన్ను లేదు కాబట్టి సగమే అర్థమవుతుంది. నాకు ఆ సగం చాలు.

"ఏమైంది ఫిల్లా?"

"సాయంత్రం బస్సు తీసేస్తున్నారు తాతా."

"అయితే నా ఫళ్లు?"

ఆయన అడిగింది న్యాయమే. శిక్షణ పూర్తయ్యే ముందు ప్రతి ఒక్కరూ ఒక మనిషికి పూర్తి పళ్ల వరస సొంతంగా చేసి చూపించాలి. అది పరీక్ష. తూనీగ రేడియో తాత చిగుళ్లకు అచ్చు తీసుకుంది. మైనంతో వరస మొదలుపెట్టింది. ఇంకో మూడు నెలల పని. బస్సు ఆగిపోతే అన్నీ ఆగినట్టే. పట్నంలో మాకు తల దాచుకునే చోటు లేదు. నడిచి రావాలంటే పద్నాలుగు కిలోమీటర్లు. దారి పొడుగునా కంకర లారీలు. మా అక్క ఒప్పుకోదు. ఒప్పుకోమని నేను చెప్పను.

"పద, ఆఫీసుకు వెళ్దాం," అంది తూనీగ. నేను పలకల్ని అక్కడే వదిలేశాను. తాత పీట వదిలేశాడు.

ఊరి ఆఫీసులో రెండు గదులు. ముందు గదిలో గుమాస్తా, వెనక హాల్లో సభ. హాల్లో ఉన్న పాతిక బెంచీలు నేను చేసినవే. ఏడేళ్లయింది. ఇప్పటిదాకా ఒక్కదానికీ కాలు ఊగలేదు, ఒక్క చీల వదులవలేదు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి చూసి నా పనితనానికి నేనే మురిసిపోయేవాణ్ణి. ఎవరూ కూర్చోకపోతే బెంచీ పాడవదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు.

గుమాస్తా సన్నటి మనిషి. కళ్లజోడు ముక్కు కొసన, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

"బాబాయ్, సాయంత్రం బస్సు వద్దని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పడానికి ఎవరైనా వస్తే కదా."

బీరువాలోంచి తీర్మానాల పుస్తకం తీశాడు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. ఆర్నెల్ల కిందట బస్సుల వాళ్లు అడిగారట, మీ ఊరికి సాయంత్రం బస్సు కావాలా, సభలో తేల్చి చెప్పండి అని.

"తీర్మానం చెల్లాలంటే ఓటున్న వాళ్లు యాభై మంది కూర్చోవాలి. దాన్ని కోరం అంటారు. ఆ రోజు వచ్చింది పదకొండు మంది. అందులో ఇద్దరు వాన వచ్చిందని లోపలికొచ్చారు."

ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. నేను కిటికీ బయటికి చూశాను.

"అందుకని నేనేం రాశానంటే, ఇదిగో." పుస్తకం తిప్పి చూపించాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత లేదు, మరక లేదు.

సాయంత్రం బస్సు – కోరం.

తూనీగ చూసింది. "కోరం లేదు అని కదా రాయాలి?"

"లేదు అని వేరే రాయాలా? కోరం ఉంటే తీర్మానమే రాస్తాను కదా. లేనప్పుడే కోరం అని రాస్తాను. నాకు అర్థమవుతుంది."

"నీకు అర్థమవుతుంది బాబాయ్. పైవాళ్లకు?" పుస్తకం చేతిలోకి తీసుకుని బడిపిల్లలా గట్టిగా చదివింది. "సాయంత్రం బస్సు కోరం."

ఆమె మళ్లీ చదివింది, ఒక్కో అక్షరం విడదీసి. "బస్సు... కో... రం. మేము కోరం. మాకు అక్కర్లేదు."

గుమాస్తా కళ్లజోడు ముక్కు కొస దాటి కిందికి జారింది. పట్టుకున్నాడు.

"కోరం!" రేడియో తాత చప్పట్లు కొట్టాడు. "అక్కర్లేదు ఫో అన్నాం! షభాష్!"

గుమాస్తా పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. వేలు తడి చేసుకోవడం కూడా మరిచిపోయాడు. వీధి దీపాలు – కోరం. బడికి రెండో గది – కోరం. మురుగు కాలువ మీద మూతలు – కోరం. పై వీధికి మంచినీళ్ల పైపు – కోరం. ఆయన నాలుగేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాడు. నాలుగేళ్లుగా మా ఊరు దీపం వద్దంది, గది వద్దంది, నీళ్లు వద్దంది. మురుగు కాలువను ఆకాశం చూసేలా ఉంచమంది.

"నా చేతిరాత చక్కగా అర్థమవుతుందని పై ఆఫీసులో అందరూ అంటారు," అన్నాడు నీరసంగా.

"బాగానే అర్థమైంది," అంది తూనీగ.

అప్పుడు నలుగురం ఒకేసారి గోడ మీదికి చూశాం. అక్కడ కిందటేడు వచ్చిన ప్రశంసాపత్రం వేలాడుతోంది. కోరికలు లేని ఆదర్శ గ్రామం. అది వచ్చిన రోజు సభ అధ్యక్షురాలు అందరికీ చాక్లెట్లు పంచింది. ఎందుకిచ్చారో ఎవరమూ అడగలేదు. బంగారు రంగు అక్షరాలు కదా అని నేను టేకు చట్రం కట్టాను, మూలలు నలభై అయిదు డిగ్రీలకు కోసి మరీ.

"ఇప్పుడు దిద్దెయ్ బాబాయ్."

"పుస్తకం దిద్దకూడదమ్మా, ఉద్యోగం పోతుంది. మళ్లీ సభ పెట్టాలి. కోరం ఉండాలి. తీర్మానం చేసి నెలాఖరులోపు పంపితే బస్సు ఆగకుండా చూడొచ్చు."

"యాభై మందే కదా. నేను తెస్తాను."

ఆదివారానికి సభ పెట్టించింది.

మా ఊళ్లో కుర్రకారు ఉండే చోటు కల్వర్టు గట్టు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, చదువుతున్నవాళ్లు, చదువు ఆపినవాళ్లు అందరూ సెలవు రోజుల్లో అక్కడే ఉంటారు. తూనీగ కూడా ఆదివారాలు అక్కడే కూర్చునేది. గట్టు బాగా నున్నబడింది. నా బెంచీల కన్నా నున్నగా ఉంటుంది. వాళ్లలో పెద్ద నోరు ఛార్జర్‌ది. వాడి ఫోన్ ఎప్పుడూ రెండు శాతం మీద ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్ల కన్నా ముందు ఛార్జర్ అడుగుతాడు.

నేను కల్వర్టు పక్కన నరికిన తుమ్మ దుంగ చూసుకుంటూ ఉన్నాను. వాళ్ల మాటలు వినపడ్డాయి. వినపడాలనే అంత దగ్గర నిలబడ్డాను.

"సభా? అక్కడ ముసలాళ్లు మైకు కోసం కొట్టుకుంటారు," అన్నాడు ఛార్జర్.

"మైకు లేదురా అక్కడ."

"మరి దేనికోసం కొట్టుకుంటారు?"

"కొట్టుకోవడానికి కూడా ఎవరూ రావట్లేదు. అదే గొడవ."

"నేనొస్తే బస్సు ఉంటుందా? నా ఒక్కడితో ఏమవుతుందే?"

"నీ ఒక్కడితో ఏమీ అవ్వదు. ఆ సంగతి నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు."

గట్టంతా నవ్వింది.

"అయినా అన్నీ పైనే తేల్చేస్తారు తూనీగా. మనల్ని అడుగుతారా ఏంటి?"

"అడిగార్రా. అదే చెప్తున్నా. ఉత్తరం రాసి మరీ అడిగారు. మనం ఇక్కడ కూర్చుని కాళ్లూపుకుంటున్నాం. నువ్వు నోరు మూసుకుంటే వాళ్లు ఖాళీగా వదిలేశారనుకున్నావా? నీ బదులు 'కోరం' అని చదువుకున్నారు."

ఛార్జర్ ఫోన్ వైపు చూశాడు. ఆరిపోయింది.

"ఆదివారం రాకపోతే చెప్తున్నా," తూనీగ వేలు చూపించింది. "రేపు మీ పళ్లన్నీ ఊడిపోయాక ఒక్కడూ నా దగ్గరికి రాకండి."

వచ్చారు. బెదిరింపుకో, నవ్వులాటకో. ఆ ఆదివారం సభ హాల్లో నా బెంచీలు మొదటిసారి కిర్రుమన్నాయి. ఎవరికైనా అది చప్పుడే. నాకు మాత్రం పసిపిల్ల మొదటి మాట విన్నట్టు ఉంది. మా అక్క కుట్టుమిషను ఆపి వచ్చింది. పిండిమర బాబాయి మీసాలకు పిండితోనే వచ్చాడు. అధ్యక్షురాలు గంట కొట్టింది. గుమాస్తా ఒక్కో వరస దగ్గరికి వెళ్లి తలలు లెక్కపెట్టాడు.

"యాభై నాలుగు!"

తూనీగ లేచి నిలబడింది. కూర్చుని ఉండటం ఆమె వల్ల కాలేదు.

"ఆగమ్మా. జాబితా చూడాలి." ఓటర్ల జాబితా విప్పాడు. పేర్లు చదువుతూ ఒక్కొక్కరికీ టిక్కు పెట్టాడు. చదవడం అయిపోయింది. మళ్లీ మొదటికి వెళ్లాడు. చివరికి వచ్చాడు.

"నలభై మూడు."

"ఇంకా పదకొండు తలలు ఉన్నాయి కదా!" అన్నాడు ఛార్జర్.

"తలకాయలున్నాయి. పేర్లు లేవు."

గట్టు మీది పది మంది, తూనీగ. సరిగ్గా పదకొండు. ఒక్కరూ ఓటు నమోదు చేసుకోలేదు.

"నేను ఇక్కడే ఉన్నాను కదా బాబాయ్!"

"ఉన్నావు తల్లీ. కళ్లారా చూస్తున్నాను. లెక్కలో లేవు."

"పుట్టినప్పట్నుంచీ నన్ను ఎరుగుదువు!"

"ఎరుగుదును. పోయినేడు నీకు పద్దెనిమిది నిండాయని కూడా ఎరుగుదును. రెండుసార్లు మీ ఇంటికొచ్చి ఫారం ఇచ్చి వెళ్లాను."

తూనీగ తల్లి వైపు తిరిగింది. మా అక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట ఏమీ లేదు.

"అంటే... ఆ గళ్ల గళ్ల కాగితమా? మందంగా, బాగా ఉందని దాంతో కాలరు నమూనా కత్తిరించానే."

"ఎవరి కాలరమ్మా?"

అక్క మెల్లగా చెయ్యెత్తి ఛార్జర్‌ను చూపించింది. ఛార్జర్ మెడ తడుముకున్నాడు. ఊళ్లో అంత చక్కగా నిలబడే కాలరు ఇంకెవరికీ లేదు. హాలంతా నవ్వింది. నవ్వనిది తూనీగ ఒక్కతే.

గుమాస్తా కలం తీశాడు. సాయంత్రం బస్సు అని రాశాడు. అడ్డగీత గీశాడు. కోరం అని రాసి అలవాటుగా కలం పైకెత్తాడు.

"లేదు!" యాభై నాలుగు గొంతులు ఒకేసారి అరిచాయి. "లేదు అని రాయి!"

ఆయన ఉలిక్కిపడి రాశాడు. లేదు.

ఆ సాయంత్రం తూనీగ నడిచింది. నేల మీద కాళ్లు ఆనించి, ఒక్కో అడుగూ వేసుకుంటూ. నేను పక్కనే ఉన్నాను. మా వీధి మలుపులో ఆగింది.

"నేను ఈ ఊరిదాన్ని కాదా మామయ్యా?"

"ఈ ఊరిదానివే. కానీ ఊరికి తెలియదు. చెప్పాలి," అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే కొట్టం తలుపు తీసేసరికి గుమ్మంలో ఛార్జర్ ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఫారాలు ఎక్కడిస్తారు పెద్దనాన్నా?"

"ఆఫీసులో."

"నన్ను తలకాయ అన్నాడు ఆయన. అందరి ముందూ. ఉట్టి తలకాయ." గుమ్మం మీద కూర్చున్నాడు. "ఇంతకీ మీ కొట్టంలో ఛార్జర్ ఉందా?"

జాబితాలోకి కొత్త పేర్లు ఇరవయ్యో తారీఖు దాకానే తీసుకుంటారని తెలిసింది. పన్నెండు రోజులు. నా కొట్టమే వాళ్ల ఆఫీసు అయింది. చిత్రిక పట్టే బల్ల మీద ఫారాలు, రంపపు పొట్టు మీద కలాలు. పుట్టిన తేదీ రుజువు ఒకడికి ఉంటే ఇంకొకడికి లేదు. ఒకమ్మాయి బడి కాగితాల్లో ఆమె వాళ్ల నాన్న కన్నా రెండేళ్లు పెద్దది. ఇవన్నీ ఛార్జర్ చూసుకున్నాడు. వాడికి ఫోన్లో దొరకని కాగితం లేదు, ఫోన్ వెలుగుతున్నంతసేపూ. రోజంతా గోడ దగ్గరే కూర్చునేవాడు, వైరు అందినంత దూరంలో.

ఫోటోలకు తెల్ల గోడ కావాలన్నారు. తెల్ల గోడ ఎవరింట్లో ఉంది? నేను ఒక వెడల్పు పలక చిత్రిక పట్టి నిలబెట్టాను. అందరూ దాని ముందే నిలబడి ఫోటోలు తీసుకున్నారు. పలకలో పైన ఒక ముడి ఉంది. ఆ ముడి అందరి తలల మీదా గుండ్రంగా పడింది. గుమాస్తా ఫోటోలన్నీ వరసగా పెట్టి చూసి, "మీరంతా ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నారే, అందరికీ నెత్తి మీద పుట్టుమచ్చ!" అన్నాడు. గట్టు బృందాన్ని చూసి పక్క వీధి వాళ్లు ఇద్దరు కూడా వచ్చారు. మొత్తం పదమూడు ఫారాలు.

తర్వాత గుమాస్తా ఇల్లిల్లూ తిరిగి సరిచూశాడు. మొదటి దెబ్బతో ఆయనకు పొట్టి మాటలంటే భయం పట్టుకుంది. తూనీగ ఫారం మీద ఇలా రాశాడు: ఈ అమ్మాయి ఈ ఇంట్లోనే ఉంది. నేను స్వయంగా చూశాను. మాట్లాడింది. ఎక్కువగానే మాట్లాడింది.

ఇరవై నాలుగున జాబితా అంటించారు. తూనీగ తన పేరు మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. వెనకనున్న వాళ్లు, "చూసింది చాలు, జరుగు," అనేదాకా కదల్లేదు.

ఇరవై ఏడున మళ్లీ సభ. ఈసారి పాత వాళ్లలో కూడా నలుగురు ఎక్కువ వచ్చారు, కిందటిసారి బాగా నవ్వుకున్నారట, తాము లేకపోయామే అని. గుమాస్తా జాబితా చదివాడు. అరవై. టిక్కులన్నీ మళ్లీ లెక్కపెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "కోరం ఉంది," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం నాలుగేళ్లలో అదే మొదటిసారి.

ఇక చేతులెత్తడమే అనుకున్నాం. అప్పుడు పిండిమర బాబాయి లేచాడు.

"నాదొక మాట. పొద్దుటి బస్సు కాక బస్సుల వాళ్లు మనకిచ్చేది ఇంకొక్కటే కదా. అది సాయంత్రమే ఎందుకు? మధ్యాహ్నం వేయమంటే పోలా? ఆసుపత్రికి వెళ్లేవాళ్లున్నారు, బజారుకు వెళ్లేవాళ్లున్నారు. సాయంత్రం మనం ఎక్కడికి పోతాం?"

హాల్లో చాలా తలలు ఊగాయి. చెడ్డ మాట కాదు. అందుకే భయమేసింది.

"పోవడం కాదు బాబాయ్, రావడం!" తూనీగ లేచింది. "పొద్దున వెళ్లినవాళ్లు తిరిగి రావాలి కదా. నేను మధ్యాహ్నం వచ్చేస్తే పళ్లు సగమే చేస్తాను. రేడియో తాతకు పై వరస పెట్టి పంపేయనా?"

"రెండూ కావాలి!" తాత లేచాడు. "ఫైదీ, కిందిదీ!"

అధ్యక్షురాలు గంట కొట్టింది. సాయంత్రం అన్నవాళ్లు చేతులెత్తమంది. గుమాస్తా వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టాడు. ముప్పై రెండు. మధ్యాహ్నం అన్నవాళ్లు. ఇరవై ఎనిమిది.

తూనీగ గాల్లోకి ఎగిరింది. ఎగిరి దిగేలోగా, మధ్యాహ్నానికి లేచిన చేతుల్లో చక్కటి కాలరున్న మనిషి చెయ్యి కనిపించింది.

"ద్రోహీ! నువ్వట్రా?"

ఛార్జర్ చెయ్యి దించలేదు. "నా చెయ్యి నా ఇష్టం. మా అమ్మ ఆసుపత్రికి మధ్యాహ్నమే వెళ్లాలి. నువ్వే కదా లెక్కలోకి రమ్మన్నావు. నీ లెక్కలోకి రమ్మనలేదుగా."

తూనీగ వాడి పక్కకు వెళ్లి కూర్చుంది.

"మీ అమ్మ సంగతి నాకు చెప్పలేదేంరా?"

"నువ్వు అడగలేదు."

"సరే. వచ్చే సభలో మధ్యాహ్నం బస్సు కూడా అడుగుదాం. నేనే మాట్లాడతా."

"నువ్వు మాట్లాడితే ఆ బస్సు కూడా పోతుందేమో. నేనే మాట్లాడతాలే."

నేను బెంచీ మీద కూర్చుని గోటితో చెక్క మీద లెక్క వేసుకున్నాను. కొత్త పేర్లు పదమూడు. ఒకటి అటు, పన్నెండు ఇటు. వాటిని తీసేస్తే మిగిలింది సాయంత్రానికి ఇరవై, మధ్యాహ్నానికి ఇరవై ఏడు. ఈ పదమూడు మంది గట్టు మీదే కూర్చుని ఉంటే, కోరం ఎలాగో కుదిరినా బస్సు దక్కేది కాదు. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. బెంచీ మీద గీతలు మాత్రం ఉన్నాయి. అంతవరకూ ఆ బెంచీల మీద ఒక్క గీత లేదు.

గుమాస్తా పుస్తకం తెరిచాడు. సాయంత్రం బస్సు అని రాసి, కలం గాల్లో పట్టుకుని ఆగిపోయాడు. ఏ మాట రాయాలన్నా ఆయనకు చెయ్యి రావడం లేదు.

"ఏం రాయను?"

"రోజూ రాసేదే రాయి బాబాయ్," అంది తూనీగ. "ఒక్క దీర్ఘం తగిలించు."

ఆయనకు వెలగడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. సాయంత్రం బస్సు కోరాం. ఆ దీర్ఘం ఎంత సాగదీశాడంటే అది పై గీత దాటి, పక్క పేజీ అంచు దాకా వెళ్లింది. అందరం వరసలో నిలబడి చూసి వచ్చాం.

పై ఆఫీసు నుంచి నెల ముగిసేలోపే జవాబు వచ్చింది. బస్సు యథాప్రకారం నడుస్తుందన్నారు. ఇన్నాళ్లకు ఈ గ్రామానికి ఒక కోరిక కలిగినందున ప్రశంసాపత్రం వాపసు చేయవలసిందన్నారు. నేను వెళ్లి చీలలు విప్పి ఇచ్చాను. చట్రం మాత్రం నాది. ఇప్పుడు దాన్లో బస్సు వేళలు పెట్టి స్తంభానికి బిగించాను, ఎవరూ పీక్కుపోకుండా నాలుగు మరలతో.

ఆ తర్వాత రెండు నెలలకు ఊరి ఎన్నికలు వచ్చాయి. పోటీ చేసేవాళ్లు ఎప్పుడూ రచ్చబండ దాకా వచ్చి వెళ్లిపోయేవాళ్లు. ఈసారి కల్వర్టు దాకా నడిచి వచ్చారు. పదమూడు ఓట్లు అక్కడ కాళ్లూపుకుంటూ కూర్చున్నాయి మరి. ఛార్జర్ ఒక్కొక్కరినీ నిలబెట్టి మధ్యాహ్నం బస్సు సంగతి అడిగాడు. తూనీగ మురుగు కాలువ మూతలు అడిగింది. పోలింగు రోజున గట్టు ఖాళీ. అందరూ వరసలో ముందే నిలబడ్డారు. ఏడింటి బస్సు అందుకోవాలని తూనీగ అందరికన్నా ముందు.

పళ్లు వచ్చిన రోజు ఆరున్నర బస్సు అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. తూనీగ చిన్న అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని దిగింది. పరీక్షలో వాళ్ల మాస్టారు ఆ వరసను దీపం కింద తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడట. ఏమీ అనకపోవడమే ఆయన దగ్గర పెద్ద మార్కట. ఆ మాస్టారు నాకు నచ్చాడు.

అక్క ఇంట్లోనే అందరికీ భోజనం. గుమాస్తా వచ్చాడు, ఛార్జర్ వాళ్ల అమ్మను తీసుకొచ్చాడు. రొట్టెలు, ఆకుకూర, కాల్చిన మొక్కజొన్న కండెలు. కండెలు తాత అడిగి చేయించుకున్నవి. పదకొండేళ్లుగా ఆయన మెత్తటి జావ తప్ప ఏమీ ఎరగడు.

తూనీగ పళ్లు కడిగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కింది వరస పెట్టుకున్నాడు, పై వరస పెట్టుకున్నాడు. దవడ అటూ ఇటూ ఆడించాడు. అందరం ఆయన నోటి వైపే చూస్తున్నాం. పగలంతా మోగే మనిషి, ఇప్పుడేమంటాడో అని.

ఏమీ అనలేదు. కండె తీసుకున్నాడు. కొరికాడు. గింజలు చిట్లిన చప్పుడు గదంతా వినపడింది. కళ్లు మూసుకుని నమిలాడు. మింగాడు. మళ్లీ కొరికాడు.

తూనీగ రొట్టె తుంచుకుంది. గుమాస్తా కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. నేనూ ఒక కండె అందుకున్నాను. తాత మూడో కండె ముగించేదాకా ఆ గదిలో ఒక్కరం కూడా మాట్లాడలేదు.